21వ రోజు ప్రొజెస్టెరాన్ 0.6 వచ్చింది, అండం విడుదల కావడం లేదంటున్నారు

కందుకూరు కోడలు — ఫిబ్రవరి 2, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నా వయసు 26. పెళ్లయి ఎనిమిది నెలలు. నాకు నెలసరి ఎప్పుడూ 34, 35 రోజులకు వస్తుంది. పెద్దమనిషి అయిన రెండు మూడేళ్ల తర్వాత నుంచి ఇదే వరస. నొప్పి ఉంటుంది కానీ పని ఆగేంత కాదు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇంకా విశేషం లేదని మా అత్తగారు ఒక ల్యాబ్‌కు తీసుకెళ్లారు. జనవరి 12న నెలసరి మొదలైంది. 21వ రోజు, అంటే నిన్న, రక్తం తీశారు. ఈ సాయంత్రం రిపోర్టు వచ్చింది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ 0.6 అని ఉంది, దాని కింద ఎర్ర గీత. రిపోర్టు చేతికిచ్చిన అబ్బాయి "అండం విడుదల కావడం లేదమ్మా, పెద్ద డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు. వచ్చేటప్పుడు ఆటోలో అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చి పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయాను, గిన్నె అడుగంటింది.

నాకు నిజంగా లోపం ఉందా? తెలిసినవారు చెప్పండి.

కావలి అక్క — ఫిబ్రవరి 2, రాత్రి 9.58

భయపడకు చెల్లీ. అయితే ఒక మాట. నెలసరి 28 రోజులకు రావాలి కదా. 35 రోజులంటే ఎక్కడో తేడా ఉన్నట్లే. మా ఆడపడుచుకు కూడా అలాగే ఉంటే మాత్రలు వాడి సరిచేసుకుంది. ఆలస్యం చేయకుండా నెల్లూరు పొగతోటలో ఎవరైనా మంచి గైనకాలజిస్టును చూడు.

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 2, రాత్రి 10.35

అమ్మాయీ, ముందు ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టు. నేను 31 ఏళ్లు ప్రసూతి వార్డుల్లో పని చేసి రిటైరయ్యాను. ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు.

కావలి అమ్మాయి మాట సరిదిద్దాలి. 28 అన్నది ఒక సగటు అంకె. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సహజమే. నీకు 34, 35 రోజులకు వరస తప్పకుండా వస్తోందంటే నీ శరీరం తన లెక్క తాను చక్కగా నడుపుకుంటోందన్నమాట.

ఇక 21వ రోజు సంగతి. అండం విడుదలైన దాదాపు ఏడు రోజులకు ప్రొజెస్టెరాన్ బాగా పైకి వెళ్తుంది. 28 రోజుల వారికి అండం 14వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. 14కు ఏడు కలిపితే 21. ఆ పరీక్షకు ఆ రోజు అలా వచ్చింది, అంతే. నీకు లెక్క వెనుక నుంచి వేయాలి. రాబోయే నెలసరికి 14 రోజుల ముందు అండం విడుదలవుతుందనుకుంటే, నీకది 20 లేదా 21వ రోజు. అంటే నీకు అండం విడుదలయ్యే రోజు ప్రాంతంలోనే సూది గుచ్చి, ప్రొజెస్టెరాన్ ఏది అని అడిగారు. అది ఇంకా పుట్టనే లేదు. ఆ సమయంలో ఎంత ఆరోగ్యవంతురాలికైనా అది తక్కువే ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పు. ఈ మూడు నాలుగు రోజుల్లో తెల్లబట్ట ఎలా ఉంది? వేళ్ల మధ్య పట్టుకుంటే తీగపాకంలా సాగిందా?

కందుకూరు కోడలు — ఫిబ్రవరి 2, రాత్రి 11.05

అమ్మా, అవును. జనవరి 30 నుంచి నిన్నటి వరకు అలాగే ఉంది. కోడిగుడ్డు తెల్లసొనలా, వాసన లేకుండా. ఈ రోజు తగ్గి, కాస్త చిక్కబడింది. ప్రతి నెలా ఉంటుంది కానీ ఏదో జబ్బు అనుకుని వేపాకు నీళ్లతో కడుక్కునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 3, ఉదయం 5.50

జబ్బు కాదు తల్లీ. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్లు ముక్కలుగా రావడం, పచ్చగా ఉండడం, ఇవి ఉంటేనే డాక్టరుకు చూపించాలి. నీకు వచ్చింది ఈస్ట్రోజన్ హార్మోన్ చేసే పని. వీర్యకణాలకు దారి సుగమం చేయడానికి గర్భాశయ ముఖద్వారం అలాంటి జిగురు తయారు చేస్తుంది. వేపాకు నీళ్లతో లోపల కడగడం ఈ రోజు నుంచి మానెయ్యి, బయట మామూలు నీళ్లు చాలు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఈ విషయం మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారి రాయాలనిపించింది. ఓపికగా చదవండి.

నెలసరి మొదలైన రోజే ఒకటో రోజు. అప్పటికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రెండూ అడుగున ఉంటాయి. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను కాస్త ఎక్కువగా వదులుతుంది. ఆ పిలుపుకు అండాశయంలో కొన్ని ఫాలికిల్స్, అంటే అండాన్ని మోసే నీటి తిత్తులు, ఒకేసారి పెరగడం మొదలుపెడతాయి. కానీ చివరికి విడుదలయ్యేది ఒకే అండం. మిగతావి ఏమయ్యాయి? మన సోమశిల కాలువను తలచుకోండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అన్ని పొలాలూ తడుస్తాయి. నీళ్లు తగ్గినప్పుడు తూము దగ్గరి పొలం తడుస్తుంది, చివరి భూములు ఎండుతాయి. ఇక్కడా అంతే. పెరుగుతున్న తిత్తులు ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తాయి. ఆ ఈస్ట్రోజన్ మెదడుకు చేరి "ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గించు" అని చెబుతుంది. అది తగ్గేసరికి, ఉన్న కొద్దిపాటి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అందరికంటే బాగా పట్టుకోగలిగిన ఒక్క తిత్తి బతుకుతుంది, మిగిలినవి వాడిపోతాయి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఆ తర్వాత జరిగేది. అప్పటివరకు ఈస్ట్రోజన్ పెరిగితే మెదడు తన హార్మోన్లను తగ్గిస్తూ వస్తుంది. ఆ గెలిచిన తిత్తి పెద్ద రేగిపండంత, దాదాపు రెండు సెంటీమీటర్లకు పెరిగి, రక్తంలో ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం) మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు దాటి, సుమారు రెండు రోజులు అక్కడే నిలిస్తే మెదడు ఒక్కసారిగా మాట మార్చేస్తుంది. తగ్గించడం మాని, పిట్యూటరీ వదిలే ఇంకో హార్మోన్ అయిన ఎల్‌హెచ్‌ను ఉప్పెనలా వదులుతుంది. ఆ ఉప్పెన మొదలైన 34 నుంచి 36 గంటల్లో తిత్తి పగిలి అండం బయటికి వస్తుంది. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం ఆ జిగురులో ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే గర్భం నిలిచే వీలున్న రోజులు అండం విడుదలైన రోజుతో కలిపి ఆరు.

పగిలిన తిత్తి వృథా కాదు. దానిలో కొవ్వు చేరి పసుపు రంగుకు తిరుగుతుంది. దాన్నే కార్పస్ లూటియం అంటారు, లాటిన్‌లో పసుపు ముద్ద అని అర్థం. పూజలో గౌరమ్మను చేసే పసుపు ముద్ద గుర్తుకొచ్చి, ట్రైనింగులో ఆ మాట నాకు ఒక్కసారికే నోటికి వచ్చేసింది. ప్రొజెస్టెరాన్‌ను తయారు చేసేది ఆ ముద్దే. ఆ హార్మోన్ గర్భాశయం లోపలి పొరను మెత్తగా, బలంగా సిద్ధం చేస్తుంది. ఒంటి వేడిని 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచుతుంది. మలబద్ధకం, రొమ్ముల్లో బరువు, మధ్యాహ్నం కునుకు, ఇవన్నీ చాలావరకు ఆ రోజులవే. గర్భం నిలవకపోతే ఆ ముద్ద దాదాపు 14 రోజులకు ఎండిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర ఊడి నెలసరిగా బయటికి వస్తుంది. మళ్లీ ఒకటో రోజు.

చక్రంలో సాగేది, కుదించుకుపోయేది ఎక్కువగా మొదటి సగమే, అంటే అండం విడుదలకు ముందు రోజులే. రెండో సగం 12 నుంచి 14 రోజుల చుట్టూనే, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నీ 35 రోజుల్లో అదనంగా ఉన్న వారం మొదటి సగంలో ఉంది. తిత్తి పెరగడానికి తీరిగ్గా సమయం తీసుకుంటోంది, అంతే.

ఒంగోలు ల్యాబ్ — ఫిబ్రవరి 3, ఉదయం 8.15

నమస్కారం. ఒంగోలులో 17 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఆ అబ్బాయి అన్న మాటకు మా వృత్తి తరఫున బాధగా ఉంది. రక్తం తీయడం, అంకె ఇవ్వడం మా పని. అండం విడుదల కావడం లేదని తేల్చడం మా పని కాదు.

రక్తం తీసేముందు నెలసరి ఎప్పుడు మొదలైందని అడిగి స్లిప్పు మీద రాయాలి. మామూలుగా ఎన్ని రోజులకు వస్తుందో కూడా రాయాలి. చాలాచోట్ల రెండోది అడగరు. ఎర్ర గీత వేసే యంత్రానికి అండం విడుదలయ్యాక ఉండవలసిన అంకెలే చెప్పి పెడితే, అది ఎవరికైనా అలాగే గీత వేస్తుంది. ఒకే మనిషి రక్తం మూడో రోజు తీస్తే ఈస్ట్రడయోల్ 40 ఉండవచ్చు, అండం విడుదలకు ముందు రోజు తీస్తే 300 ఉండవచ్చు. రెండూ ఆరోగ్యమే. ఏ రోజో తెలియకపోతే ఆ అంకెను చదవలేం.

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయోల్ సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు చూస్తారు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్) పరీక్ష ఏ రోజైనా పరవాలేదు. పాలు పడేందుకు తోడ్పడే హార్మోన్ ప్రొలాక్టిన్‌కు ఉదయం, కాసేపు స్థిమితంగా కూర్చున్నాక రక్తం ఇవ్వాలి. బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి ఇస్తే అది పెరిగి కనిపిస్తుంది.

ఇంకొక విషయం డాక్టర్లకు కూడా చాలామంది చెప్పరు. జుట్టు ఊడుతోందని వాడే మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. కొన్ని యంత్రాల్లో అది ఈ పరీక్షలను తారుమారు చేస్తుంది. ప్రొజెస్టెరాన్, ఈస్ట్రడయోల్ ఎక్కువగా, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ తక్కువగా చూపించవచ్చు. అలాంటివి వాడుతుంటే రక్తం ఇచ్చేముందు తప్పకుండా చెప్పండి. రెండు మూడు రోజులు ఆపి రమ్మంటారు.

అద్దంకి టీచర్ — ఫిబ్రవరి 3, సాయంత్రం 6.20

హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. నర్సమ్మగారు రాసింది చదివాక నా పాఠం ఎంత పొడిగా ఉందో తెలిసింది. ఒక్క ముక్క చేర్చాలనిపించింది.

పిట్యూటరీకి పైన మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఉంటుంది. జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను అది ధారగా పంపదు, చుక్కలు చుక్కలుగా పంపుతుంది. మొదటి సగంలో దాదాపు గంట, గంటన్నరకొకసారి. ప్రొజెస్టెరాన్ వచ్చాక మూడు నాలుగు గంటలకొకసారి. అమెరికాలో ఎర్నెస్ట్ క్నోబిల్ బృందం 1978లో కోతుల మీద ఇది నిరూపించింది. గంటకొకసారి ఇస్తే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ చక్కగా వచ్చాయి. అదే హార్మోన్‌ను ఆపకుండా ఎక్కిస్తే రెండూ పడిపోయాయి. ఎంత పంపామన్నదే కాదు, ఏ లయలో పంపామన్నది కూడా ముఖ్యమే. పరీక్షల ముందు రోజుల్లో, ఒళ్లు బాగా చిక్కినప్పుడు, మనసు బాగా కలత పడినప్పుడు నెలసరి వెనక్కి వెళ్తుంది కదా, కారణం ఎక్కువగా ఈ లయ చెదరడమే.

ఆ హార్మోన్ నిర్మాణాన్ని కనిపెట్టిన ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది అదే బహుమతిలో సగం రోజలిన్ యాలో అనే మహిళకు వచ్చింది. రక్తంలో ఇంత తక్కువ మోతాదులో ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతికి దారి వేసింది ఆమె. మా ఆడపిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి.

నర్సమ్మగారిని ఒకటి అడుగుతాను. మా తొమ్మిదో తరగతి పిల్లకు 40, 45 రోజులకు వస్తోంది. పెద్దమనిషి అయి ఏడాది దాటింది. వాళ్లమ్మ చిమ్మిలి సరిగా పెట్టలేదని బాధపడుతోంది.

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 3, రాత్రి 8.10

టీచరమ్మా, మెదడుకు, అండాశయానికి మధ్య ఆ మాటామంతీ కుదరడానికి మొదటి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ వయసులో 45 రోజుల వరకు పరవాలేదు. మూడు నెలలు దాటినా రాకపోతే, ఎనిమిదో రోజుకు కూడా ఆగకపోతే, గంటకొక ప్యాడ్ తడిసిపోతుంటే తీసుకెళ్లమనండి. నువ్వులు, బెల్లం మంచి తిండి, చిమ్మిలి ఇప్పుడైనా పెట్టవచ్చు. కానీ అది తినకపోవడం వల్ల నెలసరి ఆలస్యం కాలేదు. ఆ తల్లికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

మైపాడు రైతు — ఫిబ్రవరి 4, ఉదయం 6.05

మగవాడిని, ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని కాబట్టి మొత్తం చదివాను. మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య కుబుసం విడుస్తుందని ఆ రోజుల్లో మేత తగ్గిస్తాం. ఆడవారి నెలసరికి కూడా చంద్రుడితో సంబంధం ఉందని మా అమ్మ అనేది. నిజమేనా? ఇంకొకటి. నా భార్యకు నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు తలనొప్పి వచ్చి వెలుతురును చూడలేకపోతుంది. అదీ హార్మోన్ వల్లేనా?

అద్దంకి టీచర్ — ఫిబ్రవరి 4, ఉదయం 7.30

తండ్రులు తప్పకుండా రాయాలండీ. చంద్రుడి చక్రం 29.5 రోజులు, నెలసరి సగటుకు దగ్గరగా ఉండడం వల్ల ఆ నమ్మకం వచ్చింది. చంద్రుడే నడిపితే ఊరందరికీ ఒకే రోజు రావాలి. ఒకే ఇంట్లో తల్లికీ కూతుళ్లకూ తేదీలు కలవవు. హాస్టలులో కలిసి ఉంటే అందరికీ తేదీలు ఒకటవుతాయని 1971లో మార్తా మెక్‌క్లింటాక్ రాసిన పరిశోధన ప్రసిద్ధికెక్కింది, కానీ తర్వాత జరిగిన పరిశోధనల్లో అది నిలబడలేదు.

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 4, ఉదయం 9.00

బాబూ, ఆ తలనొప్పి నెలసరి ముందు ఈస్ట్రోజన్ పడిపోవడం వల్ల వచ్చే మైగ్రేన్ కావచ్చు. మూడు నెలలు తేదీలు రాసి డాక్టరుకు చూపించండి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తుంటే ఆ విషయం ముఖ్యంగా చెప్పాలి, అలాంటివారికి ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇవ్వరు. భార్య తలనొప్పి గురించి అడిగిన మగవాళ్లు మా వార్డులో చాలా తక్కువ.

కావలి అక్క — ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2.15

నేను తెలియక తప్పు చెప్పాను, కందుకూరు చెల్లీ, మనసులో పెట్టుకోకు. అమ్మా, నాదొక సందేహం. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. నెలసరి వాయిదా పడే మాత్రలు మందుల షాపులో అడిగితే ఇస్తారు. పెంచలకోన వెళ్లినప్పుడు ఒకసారి వాడాను. అవి ఎలా పని చేస్తాయి?

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 3.40

అది నోరెథిస్టెరాన్, ప్రొజెస్టెరాన్‌కు చెల్లెలి వంటిది. పసుపు ముద్ద ఎండిపోయినా, ప్రొజెస్టెరాన్ ఇంకా ఉందని గర్భాశయాన్ని నమ్మిస్తుంది, పొర ఊడదు. అందుకే నెలసరికి మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి. ఆపాక రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. కానీ కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు వాడకూడదు. షాపువాడు ఇవేవీ అడగడు. డాక్టరును అడిగి వేసుకో. నెలనెలా వ్రతానికొకటి, పెళ్లికొకటి అని మింగవద్దు.

కందుకూరు కోడలు — ఫిబ్రవరి 9, రాత్రి 8.30

అందరికీ దండం. నర్సమ్మగారు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. పసుపు ముద్ద దగ్గర మళ్లీ చదవమన్నారు. తనకు పెళ్లయిన కొత్తలో మూడేళ్లు ఎన్ని మాటలు పడ్డారో ఆ రాత్రి చెప్పారు. అప్పుడు ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదన్నారు.

నిన్న, 28వ రోజు, వేరే ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇచ్చాను. స్లిప్పు మీద "28వ రోజు, చక్రం 35 రోజులు" అని నేనే చెప్పి రాయించాను. ప్రొజెస్టెరాన్ 12.4.

ఒంగోలు ల్యాబ్ — ఫిబ్రవరి 9, రాత్రి 8.50

3 దాటితేనే అండం విడుదలైందని లెక్క. 12.4 అంటే సందేహమే లేదు. చాలా సంతోషం అమ్మా.

దర్గామిట్ట నర్సమ్మ — ఫిబ్రవరి 9, రాత్రి 9.15

తల్లీ, చల్లగా ఉండు. 35 ఏళ్ల లోపు వారు ఏడాది పాటు కలిసి ఉండి ప్రయత్నించాకే పరీక్షలకు వెళ్లమంటారు. నీకు ఎనిమిది నెలలే. అప్పటికీ నిలవకపోతే ఇద్దరూ వెళ్లండి, మొదట మీ ఆయన వీర్య పరీక్ష చేయించండి. అందులో సూది కూడా ఉండదు. ఈలోగా ఫోలిక్ యాసిడ్ మాత్ర గురించి డాక్టరును అడుగు. మందుల షాపులో ఎల్‌హెచ్ చూసే స్ట్రిప్పులు దొరుకుతాయి. మూత్రంతో చూసుకోవచ్చు. నీ లెక్కకు 17వ రోజు నుంచి మొదలుపెట్టాలి, ప్యాకెట్టు మీద రాసిన 11 నుంచి కాదు.

కందుకూరు కోడలు — ఫిబ్రవరి 16, ఉదయం 7.10

ఈ తెల్లవారుజామున నెలసరి వచ్చింది. సరిగ్గా 35 రోజులు. కాసేపు ఏడ్చాను, అబద్ధం చెప్పను. అత్తగారు లేచి అల్లం టీ పెట్టి ఇచ్చారు, నన్ను పడుకోమని ముగ్గు తనే వేశారు. గోడ మీది క్యాలెండరులో ఈ రోజు చుట్టూ సున్నా చుట్టి, వేళ్ల మీద లెక్కపెట్టి మార్చి 4 దగ్గర చుక్క పెట్టాను. స్ట్రిప్పులు ఆ రోజు నుంచి.